మౌనం మీద పన్ను

1. సోమవారం

ఈ వారం గాలితలుపుల రబ్బర్లు తుడిచే పని నా మెడకు చుట్టుకుంది. ఇక్కడి ఎర్రదుమ్ముకు సిగ్గూ శరమూ లేవు. తుడిచి వెనక్కి తిరిగేలోపు మళ్లీ వచ్చి కూర్చుంటుంది. ఎర్రగట్టులో నాలుగు వందల మందిమి ఉన్నాం. డాక్టరుకైనా డ్రిల్లరుకైనా తుడుపు పని తప్పదు. వాదికి అసలే తప్పదు, ఎందుకంటే వాది కూడా పని ఎగ్గొట్టిందని చెప్పుకోవడానికి ఊరంతా కాచుకుని ఉంటుంది.

వాది అంటే ఇక్కడ నా ఉద్యోగం. ఉమ్మడి పన్ను ఎగ్గొట్టిన వాళ్ల మీద ఊరి తరఫున కేసు నడిపేది నేను. చేసిన ప్రతి పనికీ కారణం ఈ దినచర్యలో రాయాలి. ఎవరి మీద కేసు పెడితే వాళ్లకు విచారణకు ముందు దీన్ని చదవడానికి ఇచ్చెయ్యాలి. అంటే నేను ఎవరిని మనసులో తిట్టుకున్నా వాళ్లకు తెలిసిపోతుంది. అందరికన్నా ముందు వచ్చిన మొదటి బ్యాచ్ పెద్దలు ఇలాంటి రూళ్లు చాలా పెట్టి, ఒక్కరు తప్ప అందరూ హాయిగా కన్నుమూశారు.

మా పన్ను డబ్బు కాదు. అంగారకుడి మీద డబ్బుతో కొనడానికి ఏముంది గనక. పన్ను మాట మీద. భూమితో మాట్లాడే లైను సన్నం, మనుషులం ఎక్కువ. అందుకని మనిషికి వారానికి అరగంట మాటవంతు, అదీ వారానికి ఒక్క ఇంటికే. మాట్లాడిన ప్రతి ఐదు నిమిషాలకూ ఒక నిమిషం ఉమ్మడికి పోతుంది. ఆ ఉమ్మడి నిమిషాలతోనే మా ఆస్పత్రి డాక్టరు భూమి మీది పెద్ద డాక్టర్ల సలహా అడుగుతుంది, పిల్లలకు పాఠాలు దిగుతాయి, చెడిపోయిన మిషన్లను ఎలా బాగుచెయ్యాలో కనుక్కుంటాం.

మాటను కొలిచేది మీటరు. అది మనిషి గొంతు వినిపిస్తేనే తిరుగుతుంది, మౌనంగా ఉంటే ఆగిపోతుంది. ఇంత దూరం వచ్చినవాళ్లు ఇంటివాళ్లతో మాట్లాడుతూ మధ్యలో ఏడుస్తారు, గొంతు పూడుకుపోయి ఆగుతారు, ఏడుపు మీద పన్ను వెయ్యకూడదు అని మొదటి బ్యాచ్ వాళ్లే అలా పెట్టించారట. ఈ ఒక్క రూలు గుర్తొచ్చినప్పుడు మాత్రం వాళ్ల మీద నా కోపం దిగిపోతుంది. అయితే మౌనాన్ని అడ్డం పెట్టుకుని లైను తెరిచి ఉంచుకోకూడదనీ, అలా ఉంచితే వచ్చి చెప్పి పన్ను కట్టాలనీ కూడా వాళ్లే రాశారు.

రెండేళ్లకోసారి సూర్యుడు మాకూ భూమికీ మధ్య అడ్డం వస్తాడు. అప్పుడు ఒక పక్షం రోజులు ఎవరికీ లైను ఉండదు. ఆ అడ్డం దగ్గరపడుతోంది కాబట్టి లైన్లన్నీ తనిఖీ చేస్తున్నాను. ఈ రోజు రెండు బయటపడ్డాయి. నెలల తరబడి గంటలకొద్దీ తెరిచి ఉన్నాయి, మీటరు మాత్రం కదల్లేదు. ఒకటి నాలుగో సొరంగంలో పనిచేసే గుండేటి ఓదెలుది. రెండోది సరుకుల మేనేజరు చక్రపాణి గారిది.

2. గురువారం

గురువారాలు నావి. నా కూతురు తరళ కావలిలో వాళ్ల నాన్న దగ్గర ఉంటుంది. ఆయనా నేనూ తగవు పడకుండానే విడిపోయాం. నేను ఇక్కడికి బయల్దేరేనాటికి దానికి ఎనిమిదేళ్లు. రాకెట్ చూస్తావా అని అడిగితే, వద్దు, ఎండగా ఉంటుంది అంది.

మన మాట భూమికి చేరడానికి ఇరవై నిమిషాలు పడుతుంది, జవాబు రావడానికి మరో ఇరవై. అందుకని ఎదురెదురు మాటలు కుదరవు. అటువాళ్లు అటు, ఇటువాళ్లు ఇటు చెప్పుకుంటూ పోవడమే. నేను అన్నం తిన్నావా అని అడిగితే, జవాబొచ్చేసరికి అది అరిగిపోయి ఉంటుంది.

తరళ మాటలు ఏటికేడు పొట్టివవుతున్నాయి. బాగున్నా, పరీక్షలు బాగా రాశా, నాన్న బాగున్నాడు. ఈ మూడూ అయ్యాక ఇంకేం లేదు అని కూడా చెప్పి పెట్టేస్తుంది. నేనేమో ఆ మూడు ముక్కలనే వారమంతా తిప్పి తిప్పి వింటాను. "బాగున్నా"లో కొంచెం జలుబు ఉందా లేదా అని నాలో నేనే వాదించుకుంటాను. వాదిని కదా.

ఈ రోజు ఆ మూడింటికీ తోడు ఇంకో మాట వచ్చింది.

"అమ్మా, నాకు పద్నాలుగు నిండేది సూర్యుడు అడ్డం ఉన్న రోజుల్లోనే. పోయినేడు నువ్వు ఒక రోజు లేటుగా చెప్పావు. ఈసారి చివరి గురువారమే చెప్పెయ్. నేను వినకుండా దాచుకుని, ఆ రోజు పొద్దున్నే వింటా."

ఇక్కడి రోజు భూమి రోజు కన్నా కాస్త పొడుగు. తారీకులు చేతిలోంచి జారిపోతుంటాయి. పోయినేడు అలాగే జారింది. ఈసారి జారనివ్వనని గట్టిగా చెప్పాను. నా మాట దాచుకుంటానంది నా కూతురు. ఈ రోజు ఎర్రగట్టులో నా అంత ధనవంతురాలు లేదు.

3. శనివారం

నాలుగో సొరంగానికి వెళ్లాను. ఓదెలు ఇనుప కడ్డీతో పైకప్పు రాయిని కొట్టి చెవి పెట్టి వింటున్నాడు. రాయి గట్టిగా ఉంటే ఒకలా, బోలుగా ఉంటే ఒకలా పలుకుతుందట. యాభై దాటిన మనిషి, తాతల నుంచీ గోదావరిఖని బొగ్గుబాయి మనుషులు. నన్ను చూడగానే కడ్డీ కింద పెట్టి, ఎందుకొచ్చానో నేను చెప్పకముందే తెలిసినట్టు, కూర్చోవడానికి ఒక పెట్టె తుడిచి వేశాడు. తుడిచిన చోట ఎప్పటిలాగే దుమ్ము వచ్చి కూర్చుంది.

అతని భార్య సమ్మక్కకు నిరుడు గొంతులో గడ్డ లేచి ఆపరేషన్ అయింది. గడ్డతో పాటు మాట కూడా పోయింది. ఆమెకు చదువు రాదు, రాసి ఇంకొకరిచేత చదివించనూ లేదు. అయినా గురువారం గురువారం లైను తెరుచుకుని, మాటలు వచ్చే పోయే డబ్బా ముందు కూర్చుంటుంది. ఇంటిపట్టున ఊరివాళ్ల చింతపండు కొట్టి గింజ తీసే పని చేస్తుంది. ఆ పని చేసుకుంటూ ఉంటుంది, ఇతను ఇక్కడ వింటూ ఉంటాడు. మొదట్లో ఇతను నాలుగు ముక్కలు మాట్లాడేవాడు. తన మాట వెళ్లేటప్పుడు ఆమె సుత్తి చప్పుడు సరిగా వినబడటం లేదని అదీ మానేశాడు. మూడు గంటలు, ఒక్కోసారి నాలుగు.

మీటరు తిరగడం లేదని తెలుసా అని అడిగాను. తెలియదని అంటే నా పని సగం తేలికయ్యేది. ఆ మాట అతని నోట్లో పెట్టడానికి కూడా ప్రయత్నించాను, అది నా ఉద్యోగ ధర్మం కాకపోయినా.

"ఎర్కనే మేడం," అన్నాడు. "అబద్ధం ఎందుకాడాలె? గా మిషిన్‌కు మనిషి గొంతు ఇనవడితెనే లెక్క. మా ఆమెకు గొంతే లేకపాయె. ఒచ్చి చెప్తె మీరు అరగంటకు బంద్ జేస్తరు. అరగంటల ఆమె కుదురుకోని కూసునుడు కూడ గాదు."

అతను చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు వెనక నుంచి కడ్డీ చప్పుడు మళ్లీ మొదలైంది.

4. ఆదివారం

చక్రపాణి గారు నేను పిలవకముందే ఆఫీసుకు వచ్చేశారు, చేతిలో ఆవకాయ సీసాతో. కుండీలో పెంచిన మామిడికాయల ఆవకాయ. సీసా తీసుకోలేదు గానీ, మూత సందులోంచి వచ్చిన వాసనకు నోరూరిందని ఇక్కడ ఒప్పుకోక తప్పదు.

ఆయన లైనులో మనిషి గొంతు లేదు, మిషన్ ఈలలు ఉన్నాయి. ఏ సరుకు ఇక్కడ అయిపోవస్తోందో భూమి మీది బావమరిదికి ఆ ఈలల్లో ముందే చేరుతుంది. బావమరిది ఆ సరుకు ముందే కొనిపెట్టి, ఎర్రగట్టుకే ఎక్కువకు అమ్ముతాడు. ఓదెలు విన్నదానికి పది రెట్లు సమయం ఇలా పోయింది.

"ఏదో పొరపాటైపోయిందండీ వారిజగారూ," అన్నారు ఆయన. "రూలు ప్రకారం ఎంతవుద్దో చెప్పండి, కట్టేస్తాను. దీనికి కేసులూ అవీ ఎందుకండీ?"

రూలు ఉంది. ఎగ్గొట్టినదానికి మూడింతలు ఉమ్మడికి తిరిగిచ్చేస్తే "సర్దుబాటు" కింద కేసు ఉండదు. ఆయన ఇంట్లో ఆయనా, భార్యా, తమ్ముడూ, ముగ్గురు పిల్లలూ, అందరివీ కలిపి ఆరు లైన్లు. సరుకులకు బదులు జనం దగ్గర తీసుకున్న నిమిషాలు కూడా ఆయన పేర నిల్వ ఉన్నాయి. విడతలవారీగా ఇస్తానని రాసిచ్చారు, మొదటి విడత అడ్డం తొలగాక. నేను సంతకం పెట్టాను. రూలు అలా ఉంటే నేనేం చేస్తాను అని అప్పుడు అనుకున్నాను. ఆయన వెళ్లిపోయాక ఆ మాట అంత గట్టిగా అనుకోలేకపోయాను.

సాయంత్రం ఓదెలుకు కూడా సర్దుబాటు చూపించాను, చూపించాలి కాబట్టి. మూడింతలు కట్టాలంటే అతను ఏళ్ల తరబడి ఒక్క నిమిషం కూడా వాడుకోకూడదు. నిల్వ అతని దగ్గర సున్నా. అతను కాగితం నాకు తిరిగిచ్చేసి, టీ తాగుతారా అని అడిగాడు.

ఇక మిగిలింది కేసే. శిక్ష పడితే లైను మూసేస్తారు. ఇంకో రూలు కూడా ఉంది, అది నా పాలిటిది. శిక్ష పడినవాడి ఇంటికి ఆ కబురు వాదే చెప్పాలి, తన నోటితో, తన మాటవంతులోంచి, ఆ వారమే. వారానికి ఒక్క ఇంటికే కాబట్టి, ఆ వారం వాది తన ఇంటికి మాట్లాడటం ఉండదు. కేసు పెట్టేవాళ్లకు దాని బరువు తెలియాలని మొదటి బ్యాచ్ వాళ్ల ఉద్దేశం. ఇంతవరకూ నాకు ఆ అవసరం రాలేదు, అన్నీ సర్దుబాట్లే.

విచారణ అడ్డం తర్వాత పెట్టుకుందామని నా మనసు అప్పుడే సలహా ఇచ్చింది. మనసుకు నా అంత సిగ్గు కూడా లేదు.

5. మంగళవారం

ఆస్పత్రిలో ఎస్తేరును చూసి వచ్చాను. వెల్డింగు పని చేసే పిల్ల, పాతికేళ్లు ఉంటాయేమో. కడుపులో గడ్డ. ఆపరేషన్ ఎలా చెయ్యాలో భూమి మీది డాక్టరు వివరిస్తుండగా ఉమ్మడి నిమిషాలు అయిపోయి సలహా మధ్యలో తెగిపోయింది. పక్షం రోజులు ఆగితే గడ్డ ఆగదు. ఆమె భర్త నన్ను అడిగిందొక్కటే, ఎగ్గొట్టినవాళ్ల నిమిషాలు అడ్డం వచ్చేలోపు ఉమ్మడికి వస్తాయా రావా అని. నా కళ్లలోకి చూసి అడిగాడు. విచారణ వాయిదా వేద్దామన్న ఆలోచన అక్కడే పోయింది.

క్యాంటీనులో అందరూ ఓదెలు గురించే మాట్లాడుకుంటున్నారు. మూడేసి గంటలు చింతపండు చప్పుడు వింటాడట, అవతల మనిషి చస్తుంటే అని. చక్రపాణి గారి పేరు ఎవరూ ఎత్తలేదు. ఆయన కట్టేస్తానన్నారుగా, పెద్దమనిషి అని వంటాయన నాకు పప్పు వడ్డిస్తూ చెప్పాడు. కట్టేస్తానన్న మనిషి పెద్దమనిషి, కట్టలేని మనిషి దొంగ. పళ్లెం అలాగే తీసుకెళ్లి కడిగే తొట్టెలో పెట్టేశాను.

6. గురువారం

తరళ తన మూడు ముక్కలూ చెప్పింది. చివరి గురువారం మర్చిపోవద్దని ఇంకోసారి చెప్పింది. తర్వాత లైను ఆపడం మర్చిపోయి ఏదో పనిలో పడింది.

ఫ్యాను తిరుగుతోంది. ఆ ఫ్యాను ఒక రెక్క వంగింది నేనున్నప్పుడే, దాని చప్పుడు మారలేదు. పెన్ను మూత తీసిన చప్పుడు, మళ్లీ పెట్టిన చప్పుడు. పేజీ తిప్పింది. ముక్కు ఎగబీల్చింది, అంటే జలుబు ఉన్నట్టే. కుర్చీ మీద కాళ్లు పైకి పెట్టుకుని కూర్చున్నట్టు కుర్చీ కిర్రుమంది. ఆరేళ్లలో నా కూతురు ఇంతసేపు నాతో ఉండలేదు.

ఆపెయ్యాలి అని తెలుసు. మీటరు ఆగిపోయి ఉంది, అది కళ్లెదురుగా కనిపిస్తూనే ఉంది. ఒక గంట పైన విన్నాను. వాళ్ల నాన్న అన్నానికి పిలిస్తే అది లేచి వెళ్లింది, అప్పుడు ఆపాను. ఆ గంటా ఇక్కడ రాశాను, దాని పన్ను కట్టడానికి కాగితం కూడా పెట్టాను. నాకు రాసే అలవాటు ఉంది, ఓదెలుకు లేదు. మా ఇద్దరికీ తేడా అంతకన్నా పెద్దగా కనిపించడం లేదు.

వచ్చే వారం విచారణ. రేపు ఈ దినచర్య ఓదెలు చేతికి ఇస్తాను.

7. బుధవారం

విచారణ భోజనశాలలోనే జరుగుతుంది, బల్లలు ఒక పక్కకు జరిపి. తీర్పు చెప్పేది హసీనా బేగం గారు. మొదటి బ్యాచ్‌లో మిగిలిన ఒకే ఒక్క మనిషి. చూపు సరిగా లేదు గానీ ఎదుటివాళ్ల మాటలో తటపటాయింపు ఇట్టే పట్టేస్తారు.

ఓదెలు చేసింది చెప్పాను. అతను ఒప్పుకున్నాడు. తర్వాత, వాది చెయ్యకూడని పని కాదు గానీ ఎప్పుడూ ఎవరూ చెయ్యని పని చేశాను. చక్రపాణి గారి సర్దుబాటు మీద నేను పెట్టిన సంతకాన్ని నేనే తప్పుబట్టాను. ఇద్దరూ చేసింది ఒకటే, మౌనాన్ని కప్పుకోవడం. ఒకరు కేసులోంచి బయటపడ్డది మంచివాడై కాదు, నిల్వ ఉండి. నిల్వ ఉన్నవాడికి ఎగవేత ఒక ఖర్చు, లేనివాడికి నేరం. ఇద్దరినీ ఒకేలా చూడమని అడిగాను. చక్రపాణి గారు చిరునవ్వు తియ్యలేదు గానీ, పక్కనున్న తమ్ముడి చెయ్యి పట్టుకున్నారు.

హసీనా బేగం గారు నా గొంతు వచ్చిన వైపు తల తిప్పారు.

"ఒకేలా అంటే ఎలా వారిజా? ఇద్దరినీ వదలమంటావా, ఇద్దరికీ శిక్ష వెయ్యమంటావా? అది నువ్వే చెప్పాలి."

నేను ఈ ప్రశ్నకు సిద్ధంగా లేను. ఒకేలా అంటే నా మనసులో ఉన్నది ఓదెలును కూడా వదలడం, అతనికి తేలికైన దారి ఏదైనా వెతకడం. కానీ ముందు వరసలో ఎస్తేరు భర్త కూర్చుని ఉన్నాడు. వదిలితే ఆ నిమిషాలు రావు. వదలమని అనలేకపోయాను. అనవలసింది నాకు ఆ క్షణంలో ఒక్కటే కనిపించింది.

"ఇద్దరికీ వెయ్యండి," అన్నాను.

సర్దుబాటు కొట్టేశారు. ఇద్దరి లైన్లూ ఈ క్షణం నుంచే మూసి, సూర్యుడు మళ్లీ అడ్డం వచ్చి తొలగేదాకా, అంటే రెండేళ్ల పైన, ఆ వంతులు ఉమ్మడికి ఇమ్మన్నారు. చక్రపాణి గారి పేర ఉన్న నిల్వ కూడా ఉమ్మడికే. జనం బల్లలు చరిచారు. ఊళ్లో ఇంత పెద్దమనిషికి శిక్ష పడటం ఇదే మొదలు. నాకూ ఒక నిమిషం పాటు గర్వంగానే అనిపించింది.

లేచి వెళ్తూ చక్రపాణి గారు నా దగ్గర ఆగారు. కోపంగా లేరు. "పర్లేదులెండి," అన్నారు. "మా తమ్ముడి లైనుంది, మా ఆవిడదుంది, పిల్లలవి ఉన్నాయి. ఇంట్లో వాళ్లం, సర్దుకుంటాం."

అప్పటిదాకా నాకది తట్టలేదు. ఆరు లైన్లున్న ఇంట్లో ఒకటి మూతపడింది. ఒకే లైనున్న ఇంట్లోనూ ఒకటే మూతపడింది. నేను అడిగినట్టే, ఒకేలా.

ఓదెలు ఇంకా నిలబడే ఉన్నాడు. హసీనా బేగం గారితో ఒక మాట చెప్పుకుంటానన్నాడు. తన గురించి కాదు.

"ఈ మేడం రాసింది నేను జదివిన. రేపు గురువారం ఆమె బిడ్డకు జెప్పేది ఉన్నది. మా ఇంటికి కబురు ఇంకెవలన్న జెప్పుండ్రి. ఆమె వంతు పోకుండ జూడుండ్రి అమ్మా."

రూలు తాను మార్చలేనని, చక్రపాణి ఇంటివాళ్లు ఇక్కడే విన్నారు గానీ ఓదెలు ఇంటికి వాదే చెప్పాలని ఆవిడ అన్నారు. ఆ రూలు రాసిన చేతుల్లో తనదీ ఒకటి అని కూడా అన్నారు. ఆ తర్వాత ఓదెలు వైపు చూడలేదు.

8. గురువారం, చివరిది

లైను ఎక్కడికి కలపమంటారని ఆపరేటరు అడిగాడు. కావలి అన్న మాట నా నోటి చివరిదాకా వచ్చింది. అలా అన్నా అడిగేవాళ్లు లేరు. అతను నా ముఖం చూసి, చూడనట్టు తల తిప్పుకున్నాడు. గోదావరిఖని అన్నాను.

సమ్మక్క అప్పటికే లైను తెరుచుకుని ఉంది. ఇది వాళ్ల వేళే కదా. సుత్తి చప్పుడు వస్తోంది, మెత్తటి దెబ్బ, తర్వాత గింజ గిన్నెలో పడిన చప్పుడు. నేను పేరు చెప్పుకున్నాను. తీర్పు చదివాను. రెండేళ్ల పైన ఓదెలు వినలేడని, నువ్వు లైను తెరిచినా ఇటు ఎవరూ ఉండరని చెప్పాను. అతను బాగానే ఉన్నాడని, నేరం ఒప్పుకున్నాడని, ఎవరినీ ఒక్క మాట అనలేదని చెప్పాను. కాగితం మీద లేని ఇంకో మాట కూడా అన్నాను. "సమ్మక్కా, ఈ ఒక్క రోజుకు మాత్రం నేను వింటున్నాను" అని.

నాలుగైదు నిమిషాల్లో చెప్పడం అయిపోయింది. ఆ మాట ఆమెకు చేరాలంటే ఇరవై నిమిషాలు. చేరిందని నాకు తెలియాలంటే ఇంకో ఇరవై. చెప్పవలసింది చెప్పేశాను, ఆమె ఇంకా వినలేదు. నేను వింటున్నది అతను వింటున్నాడనుకునే సమ్మక్కను.

ఆమె తొందరపడదు. నాలుగు దెబ్బలు కొట్టి ఆగుతుంది, కాయ పెంకు ఒలుస్తుంది, మళ్లీ కొడుతుంది. మధ్యలో ఒకసారి గిన్నె దగ్గరకు లాక్కుంది. గాజులు కిందికి జారితే పైకి తోసుకుంది. ఒకసారి నవ్విందేమో, ఊపిరి మాత్రమే వచ్చింది. ఎందుకు నవ్విందో ఓదెలుకైతే తెలిసేదేమో, నాకు తెలియలేదు. ఆ చప్పుళ్లన్నీ నేను అతనికి చెప్పాలి కదా అని ఒక్కటీ పోనివ్వకుండా వింటున్నాను. ఆ నలభై నిమిషాలూ ఒక్కటే కోరుకున్నాను, నా మాట దారిలో ఎక్కడైనా ఆగిపోతే బాగుండునని.

సుత్తి ఆగింది.

చాలాసేపు ఏమీ వినపడలేదు. గాజులు కూడా లేవు. ఆమె ఏడ్చినా చప్పుడు రాదని అప్పుడు గుర్తొచ్చింది. లైను మూసేస్తుందని ఎదురుచూశాను.

నేల మీద బండ ఈడ్చిన చప్పుడు వచ్చింది. డబ్బాకు దగ్గరగా జరుపుకున్నట్టుంది. మళ్లీ సుత్తి పడింది, ఈసారి నా చెవి పక్కనే. తర్వాత ఆగకుండా కొడుతూనే ఉంది. కొట్టవలసిన చింతపండు అయిపోయేదాకా కొట్టి, చేతులు దులుపుకుని, లైను మూసింది.

ఎంతసేపు విన్నానో అంతా ఇక్కడ రాసి, పన్ను కాగితం పెట్టాను. రాబోయే కొన్ని గురువారాలు నాకు లేనట్టే.

9. శుక్రవారం

పొద్దున ఎస్తేరు ఆపరేషన్ అయింది. నిన్న రాత్రే ఉమ్మడి నిమిషాలతో సలహా మొత్తం దిగిందట. పిల్ల బతికింది. ఆమె భర్త వచ్చి నా చేతులు పట్టుకున్నాడు. ఇది కూడా కారణాల్లో రాయాలి, రాశాను.

నాలుగో సొరంగానికి వెళ్లి ఓదెలుకు అంతా చెప్పాను. గిన్నె, గాజులు, నవ్వు లాంటి ఊపిరి, బండ ఈడ్చడం, అన్నీ వరసగా. నవ్వు దగ్గర అతను తల ఊపాడు, తెలిసినట్టు. నేను అడగలేదు, అది వాళ్లది.

"మీ బిడ్డకు?" అన్నాడు చివరికి.

చెప్పలేదన్నాను. అతను హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. అతను నన్ను క్షమించాడా లేదా అని నాకు అనిపించలేదు. అలాంటి మాటకు అక్కడ చోటు లేదు.

ఇంట్లో ఎన్ని లైన్లున్నాయో చూడకుండా ఎవరికీ శిక్ష కొలవకూడదని హసీనా బేగం గారికి అర్జీ రాశాను. అది నెగ్గేసరికి ఓదెలు శిక్ష అయిపోతుందని నాకు తెలుసు. ఆవిడకు కూడా తెలుసు.

10. అడ్డంలో ఒక రోజు

లైన్లన్నీ మూసి ఉన్నాయి. తలుపుల రబ్బర్లు ఈ వారం నా పని కాదు, అయినా తుడిచాను. చేతులకు ఏదో ఒకటి ఉండాలి.

కావలిలో ఇప్పుడు పొద్దున ఆరు. తరళ లేచి ఉంటుంది. చివరి గురువారం నా మాట వచ్చి ఉంటుందనుకుని, వినకుండా అట్టేపెట్టినదాన్ని ఈ రోజు తీస్తుంది. ఏమైనా వచ్చిందో లేదో ముందే చూడదు, అది అలాంటి పిల్ల, దాచుకుంటానంటే దాచుకుంటుంది. మొహం కడుక్కుని, తలుపు వేసుకుని, కుర్చీలో కాళ్లు పైకి పెట్టుకుని ఇప్పుడే డబ్బా తెరుస్తుంది.

అందులో నేను లేను.